నీళ్ళ నడుమ నిలిచిన కొండ

ద్వీపమనగానే మన సంఘాల్లో పెద్దవారికి పత్మాసు గుర్తుకు వస్తుంది. లేదా ఓడ బద్దలై పౌలు ఒడ్డు చేరిన మెలితే గుర్తుకు వస్తుంది. ఆ రెండూ సముద్రంలోనివి. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు పుట్టి పెరిగిన మాబోటివారికి సముద్రమే దూరం, ఇక ద్వీపం సంగతి చెప్పనక్కరలేదు. "నాలుగు వైపులా నీరు ఉన్న భూభాగమును ద్వీపమందురు" అని మా పిల్లలు బడిలో కంఠతా పడతారు. నాలుగు వైపుల మాట అటుంచి, ఒక్క వైపు నీళ్ళున్నా చాలునని బిందెలు మోసే మా ఆడవాళ్ళు నవ్వుతారు.

అయినా మనుష్యులు కాపురముండని ద్వీపమొకటి మన నల్లమల కొండల కొసనే ఉంది. అది నాగార్జునకొండ. సృష్టిలో అది కొండగానే పుట్టింది. కృష్ణానదికి అడ్డంగా మనుష్యులు గోడ కట్టినందున 1960లలో ద్వీపమయింది. అంటే మన తండ్రుల తరంలో దాని మీదికి కాలినడకన వెళ్ళినవారు ఉన్నారన్నమాట. ఇప్పుడు లాంచీ తప్ప వేరే దారి లేదు.

సాగరు నిండుగా ఉన్న ఒక శీతకాలంలో మా సంఘం నుంచి ఇరవైమంది దాకా కలిసి అక్కడికి వెళ్ళాము. మార్కాపురం నుంచి దారి తిన్ననిది. ఇప్పుడు 565వ జాతీయ రహదారి అంటున్నారు గాని, మాకు అది ఇప్పటికీ మాచర్ల రోడ్డే. యర్రగొండపాలెం దాటి మాచర్ల, అక్కడి నుంచి సాగరు. ఆ దారిలో రాళ్ళను చూస్తూ పోవాలని పిల్లలకు ముందే చెప్పాము. మార్కాపురం చుట్టుపట్ల భూమిలో నల్లని పలక రాయి. ఆంధ్రదేశంలో ఎన్ని తరాల పిల్లలు ఆ పలకల మీద అక్షరాలు దిద్దారో లెక్క లేదు. నల్లమల కొండలెక్కడా మన కంటికి ఒంటరి కొండల్లా ఉండవు. వరుస వెంట వరుసగా, దుప్పటి మడతల్లా ఉంటాయి. ఆ మడతల్లో కొన్ని చోట్ల పలక రాయి, కొన్ని చోట్ల ఉలికి లొంగని గట్టి రాయి. మాచర్ల వైపు దిగేసరికి చేల గట్ల మీద నాపరాళ్ళు నిలబెట్టి ఉంటాయి. అది సున్నపురాయి జాతి. పలక మీద బలపంతో రాస్తే చెరిగిపోతుంది. పల్నాటి సున్నపురాయి మీద ఉలితో చెక్కినది పదిహేడు వందల ఏళ్ళయినా చెరగలేదు. ఆ సంగతి ద్వీపం మీదికి వెళ్ళాక మా పిల్లలు కళ్ళతో చూశారు.

నాగార్జునకొండ లోయను మూడు వైపులా నల్లమల శాఖలే చుట్టి ఉండేవి. నాలుగో వైపు కృష్ణ. ఇటువంటి చోటు ఊరికీ కోటకూ ఎంత అనువో చెప్పనక్కరలేదు. కొండలు కాపలా కాస్తాయి, నది నీళ్ళిస్తుంది. క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకు రాజులు అక్కడ విజయపురి అనే రాజధాని కట్టుకున్నారు. ఆనకట్ట కట్టేటప్పుడు ఉద్యోగుల కోసం వెలసిన కాలనీలకు కూడా విజయపురి అనే పేరు పెట్టారు. పాత విజయపురి నీళ్ళ అడుగున ఉంది, కొత్త విజయపురి గట్టున ఉంది.

ఆ లోయలో ఏదో ఉన్నదని లోకానికి మొదట చెప్పినవాడు ఒక బడిపంతులు. సూరపరాజు వెంకటరామయ్య అనే ఆ ఉపాధ్యాయుడు అక్కడ ఒక పాత స్తంభాన్ని చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశాడు. దాని మీదట 1926లో శాసనాల శాఖ నుంచి ఎ.ఆర్. సరస్వతిగారు వచ్చి చూశారు. తరువాత లాంగ్‌హర్‌స్ట్ దొర 1927 నుంచి 1931 దాకా తవ్వించాడు. 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వించారు. ఇంకా ఎంతో మిగిలి ఉండగానే ఆనకట్ట పని వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగరుకు శంకుస్థాపన చేశారు.

అప్పుడు మొదలైంది నీళ్ళతో పందెం. అంతకు ఒక సంవత్సరం ముందే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో పురావస్తు శాఖవారు లోయనంతా తవ్వడానికి దిగారు. 1960 దాకా తవ్వారు. రాతియుగపు పనిముట్ల నుంచి మధ్యయుగపు గుళ్ళ దాకా నూటికి పైగా కట్టడాల జాడలు బయటపడ్డాయి. నీళ్ళు వస్తే ఇవన్నీ మునుగుతాయి. అందుచేత ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను విప్పి, ఆ రాళ్ళతోనే ఎత్తైన చోట మళ్ళీ కట్టారు. మరో పద్నాలుగింటికి పెద్ద పెద్ద నమూనాలు చేసి పెట్టారు. కొన్ని ఈ కొండ మీద, కొన్ని గట్టున అనుపు అనే చోట ఉన్నాయి. అనుపులో చుట్టూ రాతి మెట్ల వరుసలతో ఉన్న పాతకాలపు రంగస్థలాన్ని మా పిల్లలు ఇల్లు చేరేదాకా తలుచుకున్నారు. ఒకడు మధ్యలో నిలబడి మామూలు గొంతుతో మాట్లాడితే పై మెట్టు మీదివాడికి వినబడింది. మైకు సెట్టు అద్దెకు తెచ్చే మా సంఘ కోశాధికారి దాన్ని రెండుసార్లు పరీక్షించి చూశాడు.

ఇక ఆనకట్ట సంగతి. సాగరు ఆనకట్ట రాతి కట్టడం. రాయీ సిమెంటూ పేర్చి కట్టిన ఆనకట్టల్లో లోకంలో ఇంత ఎత్తైనది వేరొకటి లేదంటారు. పునాది నుంచి ఎత్తు దాదాపు 124 మీటర్లు. రాతి గోడ పొడవు దాదాపు కిలోమీటరున్నర, అటూ ఇటూ మట్టికట్టలు వేరే. గేట్లు 26. యంత్రాలు తక్కువ, చేతులు ఎక్కువ అయిన రోజుల్లో వేలాది కూలీలు, ఆడవారూ మగవారూ, రాళ్ళు మోసి కట్టిన గోడ అది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ గుంటూరు, ప్రకాశం జిల్లాల పొలాలకు వచ్చింది. ప్రకాశంలో అది తడిపినది తూర్పు, ఉత్తరపు మండలాలనే. మన పశ్చిమానికి అందలేదు. కొండలకు ఇవతల, మెరక మీద ఉన్నాము గదా! 1970లో కర్నూలు జిల్లా నుంచి విడదీసి మన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలను కొత్త జిల్లాలో చేర్చారు. జిల్లా మారింది గాని వాన మారలేదు.

లాంచీ రేవు విజయపురి సౌత్‌లో, కుడిగట్టున ఉంది. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఆ రోజు వెళ్ళి ప్రయోజనం లేదు. లాంచీ నీళ్ళ మట్టాన్నిబట్టి, గాలినిబట్టి, వచ్చిన జనాన్నిబట్టి నడుస్తుంది. కాబట్టి పిల్లలతో వెళ్ళేవారు ముందుగా కనుక్కొని, సద్దిమూట కట్టుకొని వెళ్ళడం మంచిది. ప్రయాణం గంటకు అటూ ఇటూ పడుతుంది. రేవు విడిచాక కొంతసేపు చెరువు మీద పోతున్నట్టే ఉంటుంది. తరువాత రెండు వైపులా గట్లు దూరమవుతాయి. నీళ్ళ రంగు మారుతుంది. మాతో వచ్చిన వారిలో సగంమంది అంత నీటిని ఒక్కచోట చూడడం అదే మొదలు. ఎవరూ మాట్లాడలేదు. ఒక చిన్నపిల్ల మాత్రం, "ఇన్ని నీళ్ళు ఎవరివి?" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కోసం రెండు రాష్ట్రాలు, ఒక బోర్డు, ఎన్నో న్యాయస్థానాలు ఇంకా పని చేస్తూనే ఉన్నాయని మేము ఆమెకు చెప్పలేదు.

దూరం నుంచి ద్వీపం నీళ్ళ మీద బోర్లించిన పడవలా కనిపిస్తుంది. పొడుగ్గా, మీద చదునుగా ఉంటుంది. అంచులు నిటారు. అసలు కొండకు నీళ్ళ మీద కనిపించేది నెత్తి మాత్రమే. నడుమూ కాళ్ళూ అన్నీ నీళ్ళలోనే. కనుక ఈ ద్వీపానికి ఇసుక తీరం లేదు, కొబ్బరి చెట్లు లేవు, ఉప్పు గాలి లేదు. రాళ్ళ వాలు తిన్నగా నీళ్ళలోకి దిగిపోతుంది. ఒడ్డున పాదం పెట్టగానే మెట్లు, మెట్లెక్కగానే పాత కోటగోడ. మధ్యయుగంలో ఈ కొండ మీద కోట కట్టారు. కోటను కాపాడిన ఎత్తే చివరకు ఈ కొండను నీళ్ళ నుంచి కాపాడింది.

ఈ ద్వీపం విస్తీర్ణం ఎంత అని మాలో ఒక ఉపాధ్యాయుడు అడిగాడు. మంచి ప్రశ్న. కాని ఏ నెలలో అని కూడా అడగాలి. సాగరు పూర్తి మట్టం 590 అడుగులు. కనీస మట్టం 510 అడుగులుగా పెట్టుకున్నారు. ఈ రెంటికీ మధ్య 80 అడుగులు. అంటే ఎనిమిది అంతస్తుల మేడంత ఎత్తు నీరు ఒక మంచి వానకాలంలో ఎక్కి, ఒక చెడ్డ వేసవిలో దిగిపోవచ్చు. నీరు దిగినకొద్దీ ద్వీపం పెరుగుతుంది. ఏటి బురద పట్టిన కొత్త వాలులు బయటపడతాయి. మునిగిన గుట్టల తలలు లేస్తాయి. లాంచీలు నేల తగులుతుందని ఆగిపోతాయి. సముద్రంలో ఉన్న ద్వీపానికి కొలత ఉంటుంది. ఈ ద్వీపానికి మాత్రం ఎగువన మహారాష్ట్ర, కర్ణాటకలలో కురిసిన వానను చూసి కొలత చెప్పాలి. జలాశయంలోనూ మార్పు వచ్చింది. కట్టినప్పుడు 408 టీఎంసీలు పట్టిన సాగరు, పూడిక వలన ఇప్పుడు దాదాపు 312 టీఎంసీలే పడుతుంది. దాదాపు నాలుగో వంతు చోటును కృష్ణమ్మ మోసుకొచ్చిన మట్టి తీసుకుంది. పాత విజయపురి నీళ్ళ కిందనే కాదు, కొంత కొంతగా మట్టి కిందికి కూడా తిరిగి పోతున్నది. తవ్వకముందు ఎలా ఉండేదో అలాగే.

కొండ మీద మహాచైత్యం ఉంది, సింహళ విహారం ఉంది. లోయ నుంచి తెచ్చి పెట్టిన పెద్దరాళ్ళ సమాధి ఒకటి ఉంది. స్నానఘట్టం కూడా ఉంది. ఇక్ష్వాకుల కాలంలో కృష్ణ ఒడ్డున జనం దిగి స్నానం చేసిన రాతి మెట్లను విప్పి తెచ్చి కొండ మీద పరిచారు. మెట్లు చక్కగా ఉన్నాయి, వాటి కింద మాత్రం నీళ్ళు లేవు. నీళ్ళు ఎంతో దిగువన, కొండ చుట్టూ ఉన్నాయి. మాతో వచ్చిన తల్లులు ఆ మెట్ల మీదనే కూర్చొని పులిహోర పొట్లాలు విప్పారు.

మ్యూజియం భవనాన్ని బౌద్ధ విహారం పోలికలో కట్టి, 1966లో తెరిచారు. లోపల పల్నాటి సున్నపురాతి శిల్పాలు, నిలువెత్తు బుద్ధ విగ్రహం, పూసలు, సీసపు నాణేలు, ప్రాకృత భాషలో బ్రాహ్మీ లిపిలో చెక్కిన శాసనాలు ఉన్నాయి. మా స్త్రీల సమాజంవారిని ఎక్కువసేపు నిలబెట్టినవి శాసనాలే. కారణం చెబుతాము. ఆ రాజులు వైదిక యజ్ఞాలు చేసినవారు. బౌద్ధ కట్టడాలకు ధనమిచ్చినవారిలో ఎక్కువమంది వారి ఇళ్ళలోని స్త్రీలు. మొదటి రాజు శాంతమూలుని చెల్లెలు శాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు నిలిపింది. బోధిసిరి అనే గృహిణి సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం గుడి కట్టించింది. ఆ భిక్షువులు కాశ్మీరం, గాంధారం, చీనా దేశాల దాకా తమ బోధను వ్యాపింపజేశారని ఆ శాసనంలో రాయించింది. మతం వేరైనా, కానుక ఇచ్చి పేరు చెక్కించే ఆడవారి సంగతి మన సంఘాల్లోనివారికి తెలియనిదేమీ కాదు. బల్లల మీద, గంట మీద, ఫ్యాను రెక్కల మీద పేర్లు మనమూ రాస్తూనే ఉన్నాము గదా!

మ్యూజియంలో ఒక నమూనా ఉంది. మునగక ముందు లోయ ఎలా ఉండేదో చిన్నదిగా చేసి చూపారు. కొండలు, నది, కట్టడాలు ఎక్కడెక్కడ ఉండేవో అందులో తెలుస్తుంది. మాతో ఒక అవ్వ వచ్చింది. వెలిగొండ ప్రాజెక్టు కింద మునిగే ఊళ్ళలో ఒకదాని నుంచి, మా సంఘంలోనే ఉన్న కూతురి ఇంటికి వచ్చి ఉన్న మనిషి. శిల్పాల దగ్గర ఆమె ఆగలేదు. నమూనా దగ్గర నిలబడి కదలలేదు.

"ఈ నీళ్ళ కింద మనుషులుండే ఊళ్ళు గూడా ఉండాయా నాయనా?" అని అక్కడ ఉన్న ఉద్యోగిని అడిగింది.

"ఉన్నాయవ్వా. పుల్లారెడ్డిగూడెం అని ఊరు ఉండేది. వాళ్ళందరినీ లేపి వేరేచోట పెట్టారు."

"మరి ఈడ ఆ ఊరు యాది?"

నమూనాలో ఆ ఊరు ఆమెకు కనబడలేదు. చైత్యాలు, విహారాలు, రాజు కోట మాత్రమే తెలిశాయి. అవ్వ ఇంకొక మాట అడిగింది. "ఈ రాళ్ళు ఎత్తకొచ్చినట్ట మా ఊరి సమాధుల దొడ్డిని గూడా కొండ మీదికి ఎత్తకొస్తారా నాయనా? మా ఆయన ఆడనే ఉండాడు." ఆ అబ్బాయి మర్యాదస్థుడు. "అది ఇంజనీర్లను అడగాలవ్వా" అని తల వంచుకున్నాడు.

ఈ అవ్వ మాట అర్థం కావాలంటే వెలిగొండ సంగతి తెలియాలి. మన వైపువారికి కొత్తగా చెప్పనక్కరలేదు గాని, ఈ పత్రిక కోస్తాలో కూడా చదువుతారు. శ్రీశైలం జలాశయంలో కొల్లంవాగు దగ్గర నీరు తీసుకొని, నల్లమల కొండల కిందుగా దాదాపు 19 కిలోమీటర్ల పొడవున తవ్విన రెండు సొరంగాల ద్వారా దోర్నాల వైపు తేవాలి. ఆ కొండల మీదిది పులుల అడవి. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్టు టైగర్ కిందికి వచ్చింది. మీద పులులు, కింద సొరంగాలు. ఇవతలకు వచ్చిన నీటిని నిలపడానికి కొత్త గోడ అంతా కట్టనక్కరలేదు. నల్లమల మడతలే అక్కడ గోడలుగా ఉన్నాయి. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అనే మూడు గండ్లు మూస్తే చాలు, కొండల మధ్య పళ్ళెంలా జలాశయం ఏర్పడుతుంది. దానికి నల్లమలసాగర్ అని పేరు పెట్టారు. పట్టే నీరు 53.85 టీఎంసీలు. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4,47,300 ఎకరాలకు సాగునీరు, 15 లక్షలకు పైగా జనానికి తాగునీరు ఇవ్వాలని లెక్క.

శంకుస్థాపన 1996లో జరిగింది. ఆ సంవత్సరం ఉయ్యాలలో ఉన్న పిల్లలు ఇప్పుడు తమ పిల్లలను ఉయ్యాలలో వేస్తున్నారు. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో ముగిసింది. రెండు సొరంగాలను 2024 మార్చి 6న జాతికి అంకితం చేశారు. అప్పటికి సుంకేసుల, గుండంచర్ల, కలనూతల, గొట్టిపడియ మొదలైన ముంపు ఊళ్ళు ఖాళీ కాలేదు. ఊళ్ళు ఖాళీ కానిదే జలాశయంలో నీరు నింపడానికి లేదు. ఊరివారేమో తమకు రావలసినది చేతికి రానిదే కదలమంటారు. కదలండి అని ఇరుగు పొరుగు ఊళ్ళవారంటే, ఆ మాట అనడం తేలిక. ఫ్లోరైడు నీళ్ళు తాగి పళ్ళు పచ్చబారి, కీళ్ళు బిగుసుకున్న మన ఊళ్ళకు ఆ నీరు కావాలి. ఎప్పుడో రావలసినది. మేమూ కావాలనే వాళ్ళమే. ఆ ఊళ్ళవారికి ఇవ్వవలసినది ఇంకా ఇవ్వకుండానే సంవత్సరాల తరబడి వారిని ఎదురుచూపించడం మాత్రం మాకు సమ్మతం కాదు. పాడుపడిన ఇంటికి కప్పు వేయించుకోవాలన్నా, ఆడపిల్లకు సంబంధం చూడాలన్నా, "మునిగే ఊరు గదా" అన్న మాట అడ్డు వస్తుంది. ఊరు మునగకముందే ఊరివారు సగం మునిగారు.

కొండల మధ్య గండి మూసి నీరు నిలపడం మన ప్రాంతంలో కొత్త విద్య కాదు. కంభం చెరువు చూడండి. నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ రెండు కొండల నడుమ సందులోంచి బయటికి వచ్చేచోట కట్ట వేశారు. శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకుంటారు. కట్ట ఎత్తు 57 అడుగులు, ఆయకట్టు పదివేల ఎకరాలకు పైన. అయిదు వందల ఏళ్ళనాటి ఆ కట్టను 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘంవారు ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చారు. ఆ చెరువు కింద ఏ పల్లె మునిగిందో, ఎవరి పొలం పోయిందో ఏ శాసనమూ మాకు కనబడలేదు. రాణి పేరు మాత్రం నిలిచింది.

తిరుగు లాంచీ కోసం కూర్చున్నప్పుడు మా ఉపాధ్యాయుడు పిల్లలకు ఇంకొక ద్వీపం సంగతి చెప్పాడు. అది ఉత్తర ధ్రువం దగ్గర, గ్రీన్‌లాండుకూ కెనడాకూ మధ్య మంచు జలసంధిలో ఉంది. పేరు హన్స్ ద్వీపం. అక్కడివారు తార్తుపలుక్ అంటారట. చదరపు కిలోమీటరుకు కొంచెం పైన ఉంటుంది. చెట్టు లేదు, చేను లేదు, మనిషి లేడు. ఊరకే రాయి. అయినా కెనడా, డెన్మార్క్ దేశాలు అది మాదంటే మాదని ఏళ్ళ తరబడి ఒకరి జెండా తీసి ఒకరు జెండా పాతుకున్నారు. 1984 నుంచి జెండాతోపాటు ఒకరికొకరు సారా సీసా కూడా వదిలి వెళ్ళేవారట. (ఈ ముక్క పిల్లలకు చెప్పనక్కర లేదని మేమన్నాము. వాళ్ళు అదే జ్ఞాపకం పెట్టుకున్నారు.) చివరికి 2022 జూన్ 14న ఆ రాతిని రెండుగా పంచుకొని సంతకాలు చేశారు.

సాగరులో పంపకం అంత నవ్వుతూ జరగలేదు. 2014లో రాష్ట్రం రెండయ్యాక కుడిగట్టు ఆంధ్రప్రదేశ్, ఎడమగట్టు తెలంగాణ. నాగార్జునకొండ ఆంధ్ర వైపే, పల్నాడు జిల్లాలో పడింది. 2023 నవంబరు చివర ఒక రాత్రి ఆంధ్ర పోలీసులు ఆనకట్ట మీదికి వచ్చి, 26 గేట్లలో 13వ గేటు దగ్గర ముళ్ళకంచె వేశారు. అవతల తెలంగాణ పోలీసులు. మధ్యలో కేంద్ర బలగాలను నిలపవలసి వచ్చింది. మన జిల్లాల్లో తాగే నీటి కోసమే అన్నారు. ఆ కంచె కింద నీరు అటూ ఇటూ చూడకుండా పోతూనే ఉంది.

పొద్దు వాలేసరికి లాంచీ వచ్చింది. ద్వీపం మీద రాత్రి ఎవరినీ ఉండనివ్వరు. ఊరు లేదు, పొయ్యి లేదు, దీపం పెట్టే ఇల్లు లేదు. వచ్చినవారంతా దిగిపోయాక రాళ్ళు, గాలి మిగులుతాయి. నీళ్ళ మీదికి ఎండ ఏటవాలుగా పడి, మునిగిన గట్ల అంచులు పలచగా కనిపించాయి. అవ్వ లాంచీ అంచున కూర్చొని చూస్తున్నది. ఉపాధ్యాయుడు ఆమె పక్కన కూర్చొని, "అవ్వా, నల్లమలసాగర్ నిండితే మీ ఊరి దగ్గర గూడా ఇట్లాంటి ద్వీపాలు పడొచ్చు. మీ ఊరి చుట్టూ ఎత్తైన గుట్టలు ఏమేమి ఉన్నాయి?" అని అడిగాడు.

అవ్వ వేళ్ళు మడుస్తూ ఒక్కొక్క గుట్ట పేరు చెప్పింది. మేకలు మేసే గుట్ట, చింతచెట్టు ఉన్న గుట్ట, పిడుగు పడిన గుట్ట, ఇంకా రెండు. ఆ పేర్లు మాలో ఎవరమూ వినలేదు. ఏ పటంలోనూ ఉండవేమో. ఇందాక నీళ్ళు ఎవరివని అడిగిన చిన్నపిల్ల తన నోటుపుస్తకం తీసి, "మళ్ళీ చెప్పు అవ్వా, మెల్లగా చెప్పు" అని రాసుకోవడం మొదలుపెట్టింది.